నడుస్తున్న సెలైన్‌ల కేసీఎల్ వేస్తున్నరా? ఒక్క నిమిషం ఆగండి

నమస్తే. హన్మకొండల జీఎన్ఎం నర్సింగ్ చదివే ఒక చెల్లె అడిగింది: "అక్కా, సెలైన్ నడుస్తున్నప్పుడే బాటిల్ల కేసీఎల్ వేస్తే ఏమైతది? మళ్ల దించుడెందుకు?"

కేసీఎల్ అంటే పొటాషియం క్లోరైడ్, ఒంట్ల పొటాషియం తగ్గితే ఇచ్చే మందు. అది సెలైన్ కన్నా బరువు. వేలాడే బాటిల్ల వేస్తే అంతటా కలవదు, మూతి కాడనే పేరుకుంటది. పేషెంటుకు ముందుగల్ల ఎక్కేది ఆ చిక్కటి మందే. గంటలకొద్ది పోవాల్సింది నిమిషాలల్ల గుండెకు చేరుతది. అందుకే బాటిల్ దించి, మందు వేసి, పదిసార్లన్నా తలకిందులు చెయ్యాలె. ఊరికె ఊపుడు కాదు, పూర్తిగ బోర్లించాలె. తర్వాత లేబుల్ అతికించి, అప్పుడు పెట్టాలె.

మన దగ్గర వచ్చే 10 మి.లీ. ఆంపుల్ల 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటది, అంటే 20 మిల్లీ ఈక్వివలెంట్లు (పొటాషియం కొలిచే లెక్క). చూడనీకె డిస్టిల్డ్ వాటర్ ఆంపుల్ లెక్కనే ఉంటది, నాకు భయం అక్కడనే. నైట్ డ్యూటీల ఒకే ట్రేల రెండూ పెడితే చెయ్యి దేని మీద పడుతదో చెప్పలేం. కేసీఎల్‌ని సిరంజితోని నేరుగ నరంల తోస్తే గుండె ఆగుతది. "మెల్లగ ఇస్త" అన్నా ఒప్పుకోను. వేరే డబ్బాల తాళమేసి పెట్టండి, కలిపేటప్పుడు ఇంకో సిస్టర్‌ని పిలిచి చూపించండి.

చేతి నరం నుంచైతే మామూలుగ గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటొద్దు, లీటర్‌కు 40 దాటొద్దు. అంతకంటె ఎక్కువ కావాల్నంటే అది మానిటర్ పెట్టి, ఐసీయూల చేసే పని. "చెయ్యి మండుతుంది సిస్టర్" అంటే "ఓర్సుకో అమ్మా" అనకండి. డ్రిప్ ఆపి క్యాన్యులా (నరంల పెట్టిన సన్న గొట్టం) కాడ వాచిందా చూడండి, డాక్టర్‌కు చెప్పండి.

ఎండకాలం వాంతులు, విరేచనాలతోని వచ్చినోళ్లకు పొటాషియం పడిపోతది, నిజమే. మూత్రం ఎక్కువ పోయేటట్టు చేసే లాసిక్స్ మందు వాడేటోళ్లకు కూడా. అయినా బాటిల్ పెట్టే ముందు యూరిన్ బ్యాగ్ చూడండి. అది ఖాళీగుంటే డాక్టర్‌ని అడగకుండ మొదలు పెట్టొద్దు, ఒంట్లకెళ్లి పొటాషియం ఎక్కువగ బయటికి పోయేది కిడ్నీల నుంచే.

రక్తం రిపోర్టుల పొటాషియం 3.5 నుంచి 5 దాక నార్మల్. ఒక మాట: రక్తం తీసి సిరంజితోని ట్యూబ్‌ల గట్టిగ తోస్తే కణాలు పగిలి, ఉన్నదానికంటె ఎక్కువ చూపిస్తది. తక్కువున్న మనిషి కూడ నార్మల్ అనిపిస్తడు!

పొటాషియం సిరప్ అయితే తిన్నంక, నీళ్లల్ల కలిపి ఇయ్యాలె. మెల్లగ కరిగే పొటాషియం గోలీలను నూరి, తిండి పోసే ట్యూబ్ నుంచి ఎక్కియ్యొద్దు.

ఇగ డయాలసిస్ పేషెంట్ల సంగతి. చూడనీకె వచ్చిన చుట్టాలు ప్రేమతోని కొబ్బరి బొండాలు తెస్తరు, వాటిల పొటాషియం మస్తుగుంటది. పేషెంటును కసురుకోకండి. తెచ్చినోళ్లను పక్కకు పిలిచి, కిడ్నీలు పని చెయ్యనప్పుడు ఆ నీళ్లు గుండెకు ఏం చేస్తయో చెప్పండి.