లంగరు దించాక మొదలయ్యే పని

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్ళు బోట్ల మీద ఇంజన్ డ్రైవరుగా తిరిగినవాణ్ణి. నాకు మైకు కన్నా పానా బాగా అలవాటు. తడబడితే సర్దుకోండి. గాలివాన తిని రేవుకి చేరాక మనిషికీ బోటుకీ ఏం చెయ్యాలో చెప్తాను.

ఒక జూలైలో ఒడిశా గోపాల్‌పూర్ ఎదురు నుంచి కాకినాడ వస్తున్నాం. నైరుతి గాలి మొహాన కొడుతోంది. మూడు రోజులు కునుకు లేదు. ఫ్యాను షాఫ్టు బోటు బయటికి వెళ్ళే చోట నీళ్ళు రాకుండా బిగించే గ్లాండ్ వదులై నీళ్ళు ఊరుతుంటే వంతులేసుకుని తోడాం. కాకినాడ పక్కన వాకలపూడి లైట్‌హౌస్ కనపడిందని సంతోషించేలోపు ఇంజన్ ఆగింది. వెనక నుంచి కెరటం వచ్చి పొగగొట్టంలోకి ఎక్కేసింది. ఇంకో బోటువాళ్ళు తాడు వేసి లాక్కొచ్చారు. హోప్ ఐలాండ్ కొస దాటి లోపలికి తిరగగానే, ఎవరో చేత్తో నిమిరినట్టు నీళ్ళు సద్దుమణిగాయి. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మా సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, మావయ్య, ‘పొయ్యి వెలిగించండ్రా’ అన్నాడు.

ఆ ఐలాండ్ ఇసుకే. గోదావరి మోసుకొచ్చిన ఒండ్రునీ ఇసుకనీ కెరటాలు ఉత్తరానికి నెట్టుకుంటూ పోతే, గత రెండు వందల ఏళ్ళలో దాదాపు 16 కిలోమీటర్ల గట్టు లేచింది. కాకినాడ రేవుకి అదే అడ్డుగోడ.

ఒడ్డుకి రాగానే ఏ పని ముందు? మావయ్య లెక్క ప్రకారం ఏదీ కాదు. తినాలి, పడుకోవాలి. అలసిన చెయ్యి ఒకటి బిగించి రెండు వదిలేస్తుందనేవాడు. నిజమే, అంతకు ముందోసారి నిద్ర లేకుండా పని చేసి, తుడిచిన గుడ్డని గాలి పైపులోనే మర్చిపోయాను. మర్నాడు ఇంజన్ ఎందుకు ఊపిరాడక దగ్గుతోందో తెలుసుకోవడానికి సగం రోజు పట్టింది.

కానీ ఉప్పునీళ్ళు తాగిన ఇంజన్‌కి ఈ లెక్క పనికిరాదు. అది పొద్దున్నదాకా ఆగదు. నీళ్ళలో ఉన్నంతసేపటి కన్నా, గాలి తగిలి ఆరడం మొదలెట్టాకే తుప్పు తొందరగా పడుతుంది. అందుకని ఆ రాత్రే ఇంజెక్టర్లు ఊడదీసి, ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పాం. ఒక్కో సిలిండర్ నుంచి నీళ్ళు పిచికారీలా చిమ్మాయి. మంచినీళ్ళతో కడిగి, డీజిల్ పోసి మళ్ళీ తిప్పాం. ఇంజన్ అడుగున సంప్‌లో ఉండే ఆయిల్ పాలు పోసిన టీలా ఉంది. పారబోసి కొత్తది పోస్తే అదీ అలాగే అయింది. మూడోసారికి గానీ రంగు తేరలేదు. ఇంజన్ అందుకున్నాక పడుకున్నాం. నేనైతే పద్నాలుగు గంటలు లేవలేదు. మా ఆవిడ మధ్యలో వచ్చి ఊపిరి ఉందో లేదో చూసిందట!

తర్వాత పని చెక్కది. దానికి కాలవలే నయం. పోటు మీద బోటుని బురద గట్టు పక్కకి తెచ్చి కడితే, పాటు తీసి నీళ్ళు తగ్గేసరికి అదే ఒరిగి కూర్చుంటుంది. క్రేన్ అక్కర్లేదు. అడుగున పట్టిన గుల్ల గీకి, పలకల సందుల్లో పాత దూది లాగేసి కొత్తది కూరి, పైన గుగ్గిలం, నూనె కలిపి రాయాలి. మళ్ళీ పోటు వచ్చేలోపు ఎంతైతే అంత.

వరద రోజుల్లో ఇంకో లాభం. కాలవల్లోకి ఎర్రనీళ్ళు దిగితే ఉప్పదనం పోతుంది. చెక్కని లోపల్నించి తొలిచే పురుగు ఉంటుందే, పేరుకి పురుగే గానీ నిజానికి అది ఆల్చిప్పల జాతిది. అది మంచినీళ్ళలో వారాల తరబడి బతకలేదు. డబ్బా మందు కొని పూయాల్సిన పని గోదారి ఊరికే చేసిపెట్టేది.

ఇవన్నీ ఒకచోట కుదిరాయి కాబట్టే, పక్కనున్న మన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన, బాగుచేసిన రేవు అయింది. ఇక్కడ ఎక్కి వెళ్ళినవాళ్ళ వల్లే బర్మాలో తెలుగువాళ్ళందరికీ ‘కోరంగీలు’ అని పేరు పడింది. 1789లో, మళ్ళీ 1839లో ఉప్పెన ఊరిని తుడిచిపెట్టింది. మిగిలిన రేవుని ఒండ్రు పూడ్చింది. కాకినాడకి గోడ కట్టిన ఒండ్రే, కోరంగి నోరు మూసింది. గోదారితో తగువు పెట్టుకోలేం కదా.

ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అది చేపలు గుడ్లు పెట్టుకోవడానికి. రిపేర్లన్నీ అప్పుడే చేసుకుంటాం, ఎండకి పలకలు విచ్చుకుని ఎక్కడ సందుందో అదే చూపిస్తుంది కూడా. మిగతా పది నెలలూ మాత్రం చేప దించడం, ఐసు, డీజిల్ ఎక్కించడం, మళ్ళీ పోవడం. గాలివాన తిని వచ్చిన కుర్రాళ్ళని అదే రాత్రి తిరిగి పంపిన ఓనర్లని చూశాను. నాకది నచ్చదు. మొహం మీదే చెప్పాను, రెండు చోట్ల పని పోయింది.

ఆ జూలైలో మేం పదకొండు రోజులున్నాం. పన్నెండో రోజు తెల్లారుజామున పోటు ఎక్కి బోటు తేలింది. లోపల కాళ్ళ కింది పలకలు ఎత్తి గ్లాండ్ దగ్గర చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. మావయ్య ఇంకా గట్టు మీద నిద్రపోతున్నాడు. లేపలేదు, ఆ పోటు వదిలేసి సాయంత్రం పోటుకి వెళ్ళాం.