ఉదయం కొండవీడు, సాయంత్రం సూర్యలంక

శ్రోతలకు నమస్కారం.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో టేబుల్ మౌంటెన్ అనే కొండ ఉంది. ఎత్తు వెయ్యి మీటర్ల పైమాటే. ఆ కొండనూ, దాన్ని ఆనుకున్న సముద్ర తీరాన్నీ కలిపి 1998లో ఒకే జాతీయ ఉద్యానవనం చేశారు. పొద్దున కొండెక్కి దిగినవాళ్లు సాయంత్రానికి అదే ఉద్యానవనంలో ఒడ్డున తిరిగే పెంగ్విన్లను చూడొచ్చు. ఇలాంటివి చెబితే మనవాళ్లు, "మనకేముందండీ, ఎండా మిరపకాయలూ తప్ప" అంటారు. నేనొప్పుకోను. గుంటూరులో చీకటితో బయల్దేరితే పొద్దుగూకేలోగా కొండమీదా నడవొచ్చు, సముద్రం ఒడ్డునా నడవొచ్చు. మధ్యలో బండెక్కాలి, అంతే తేడా. 2022లో జిల్లాలు విడిపోయాక ఇది గుంటూరు, పల్నాడు, బాపట్ల మూడు జిల్లాల తిరుగుడు కూడా అయింది.

ముందు కొండవీడు. గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు వెళ్తుంటే కుడిచేతి పక్క కనిపించే కొండల వరస అదే. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. పెద్దవాళ్లకూ చంటిపిల్లల తల్లులకూ అది మేలే. మోకాళ్లు బాగున్నవాళ్లు మాత్రం దయచేసి పాత కాలిబాటనే ఎక్కండి. కారులో పైకి పోతే కోట ఒక్కసారిగా ఎదురవుతుంది. నడిచి పోతే ముందు రాతి గోడ, తర్వాత మలుపు, ఆ తర్వాత బురుజు, ఇలా ఒక్కొక్కటిగా బయటపడుతుంది. దాన్ని కట్టినవాళ్లు అనుకున్నది కూడా అదే. పైకొచ్చేవాడు ఆయాసపడుతూ రావాలి, పైనున్నవాడు తీరిగ్గా చూస్తుండాలి.

రెడ్డిరాజుల్లో ప్రోలయ వేమారెడ్డి అద్దంకి నుంచి పాలించాడు. రాజధానిని కొండవీటికి తెచ్చింది ఆయన కొడుకు అనవోతారెడ్డి. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నాడు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని గెలుచుకున్నాడు. ఈ చరిత్ర మీకు బడిలోనే చెప్పారు కాబట్టి ఇక్కడ ఆగను. పైకెక్కాక నేను చూడమనేది చెరువుల్ని. ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. కిందనేమో నీళ్లు తోడాలంటే కొండవీటి చాంతాడు కావాలి, పైన కొండ నెత్తిమీద చెరువులు! కొండమీద పడ్డ వాన కొండ దిగిపోకుండా పట్టి ఉంచారు. గోడలు ఎంత మందంగా ఉన్నా నీళ్లు లేని కోట ముట్టడికి ఎన్నాళ్లు నిలుస్తుంది? నాకైతే బురుజులకన్నా ఈ చెరువు కట్టలే గొప్పగా కనిపిస్తాయి. దసరా ముందు వెళ్తే సీతాఫలాలు కూడా దొరుకుతాయి, కోతులు మిగిలిస్తే.

పైనుంచి తూర్పుకు చూడండి. కనుచూపు మేర చదునే. విశాఖపట్నంలో కైలాసగిరి మీద నిలబడితే కిందనే అలలు. తూర్పు కనుమలు అక్కడ సముద్రాన్ని తాకినట్టే ఉంటాయి. మన దగ్గర కొండకీ సముద్రానికీ నడుమ ఇంత నేల పరుచుకుంది. అందులో సముద్రం వైపు భాగమంతా కృష్ణమ్మ తెచ్చి పోసిన మట్టి. నది ఒండ్రు వేస్తూ వేస్తూ తీరాన్ని ముందుకు నెట్టింది. అందుకే మధ్యలో బండి దిగి, కాసేపు నేలమీద నడవమంటాను.

కొండ దిగగానే నల్లరేగడి. పత్తి, మిరప, పొగాకు. వాన పడితే చెప్పు మట్టిలోనే ఉండిపోతుంది, కాలు మాత్రం బయటికొస్తుంది. గుంటూరు మీదుగా పొన్నూరు చేరేసరికి వరి పొలాలు, కాలువలు. ఈ నీళ్లు బెజవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ నుంచి వస్తాయి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట చోటికి 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. పొలం గట్టుమీద నడుస్తుంటే అడుగు కింద మెత్తటి ఒండ్రు తెలుస్తుంది. బాపట్ల దగ్గరపడేకొద్దీ నేల ఇసుకపాలు ఎక్కువవుతుంది, సరుగుడు తోటలు మొదలవుతాయి. సముద్రం ఇంకా కనిపించదు గానీ కాలికి ముందే కబురందుతుంది.

బాపట్ల నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. సెలవురోజున అక్కడ జనం, బజ్జీల బండ్లు, సెల్ఫీలు. ఆ గుంపును దాటి ఒడ్డు వెంట అర కిలోమీటరు నడిస్తే చాలు, మీరూ ఎండ్రకాయలూ మిగులుతారు. పొడి ఇసుకలో నడక కొండకన్నా కష్టం, పిక్కలు పట్టేస్తాయి. అల వచ్చి వెనక్కిపోయిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, దానిమీద నడవండి. నీళ్లలోకి మాత్రం మోకాలు దాటి వద్దు. పైకి నెమ్మదిగా కనిపించినా లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. ఈ ఒడ్డున ప్రాణాలు పోయిన వార్తలు మీరూ వింటూనే ఉన్నారు.

చలికాలం చివర్లో ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో తల్లి వంద దాకా పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. దాదాపు యాభై రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిని బట్టే ఆడా మగా తేలుతుంది, వేడెక్కువైతే ఆడపిల్లలే. పిల్లలు వెలుగును చూసి సముద్రం వైపు నడుస్తాయి. మనం టార్చి వేస్తే, సెల్‌ఫోన్ లైటు వేస్తే, అవి మనవైపు వస్తాయి. కాబట్టి ఆ నెలల్లో చీకటి పడ్డాక ఒడ్డున లైట్లు వేయకండి.

కార్తీకం నుంచి మాఘం దాకా ఈ తిరుగుడుకు మంచి రోజులు. రెంటచింతల ఎండల గురించి పేపర్లో చదివేవాళ్లకు వేసవిలో కొండెక్కవద్దని వేరే చెప్పక్కర్లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పెరుగన్నం, ఒక టోపీ. ఖాళీ సీసాలు మళ్లీ సంచిలోనే తెచ్చుకోండి. ఇంకో మాట. మనది తూర్పు తీరం, సముద్రంలో పొద్దు క్రుంకదు. అది చూడాలని వెళ్తే వీపు వెనక సరుగుడు తోటల్లో క్రుంకుతుంది. నీళ్లలోంచి పొద్దు పొడవడమే చూడాలనుకుంటే ముందురోజు రాత్రే బాపట్ల చేరుకుని, కొండను సాయంత్రానికి పెట్టుకోండి. కాకపోతే దిగేటప్పుడు చీకటి పడకుండా నాలుగున్నరకల్లా కిందికి మళ్లాలి.

నమస్కారం.