బొమ్మల బీరువాకు తాళమెందుకు?

(దేవరకద్రలో తల్లుల సమావేశంలో ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్ ప్రసంగం)

అక్కలకు, చెల్లెళ్లకు, మనుమలను ఎత్తుకొని వచ్చిన అవ్వలకు నమస్కారం. పెద్దల పేర్లు ఇందాకే చదివారు, నేను మళ్లీ చదవను. మీలో చేను పని మధ్యలో వచ్చినవాళ్లున్నారు.

పిల్లలు బొమ్మలు ఎక్కడివక్కడ పడేస్తున్నారు, సర్దుకోవడం ఎట్లా నేర్పాలో చెప్పమన్నారు. చెప్తాను. ముందు మీరు చెప్పండి, మీ ఇంట్లో బొమ్మలు ఎక్కడుంటాయి? కురుమూర్తి జాతరలో కొన్న కారు కవరు కూడా తీయకుండా షోకేసులో ఉంటుంది. మిగతావి సజ్జ మీద సంచిలో. పిల్ల ఏడ్చి ఏడ్చి అడిగితే ఆ సంచి తెచ్చి నడింట్లో కుమ్మరిస్తాం. పొద్దుగూకినాక "అన్నీ సర్దు" అంటాం. మూడేళ్ల పిల్ల ఏది ఎక్కడ పెట్టాలి? ఆ బొమ్మలకు ఇంట్లో ఒక చోటంటూ ఉందా?

ఒక బాధ చెప్పకుండా ఉండలేను. నేను పనిచేసిన చోట ఆట సామాను వస్తే బీరువాలో పెట్టి తాళం వేయమన్నారు. పాడైతే లెక్క ఎవరు చెప్తారని అడిగారు. ఆఫీసర్లు వచ్చిన రోజు చాప మీద పరచాలి, జీపు కదలగానే లోపల పెట్టాలి. చెక్క దిమ్మెల రంగు కూడా పోలేదు. ఆ పిల్లలు వాటిని ముట్టకుండానే పెద్ద బడికి పోయారు. ముట్టనివ్వని వస్తువును జాగ్రత్తగా పెట్టడం ఎట్లా వస్తుంది తల్లీ?

1907లో రోమ్ నగరంలో, బీదలుండే శాన్ లొరెంజో బస్తీలో మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మ చిన్న పిల్లల బడి పెట్టింది. అక్కడా సామాను బీరువాలోనే. టీచరే తీసి ఇచ్చేది, టీచరే లోపల పెట్టేది. ఒకరోజు బీరువాకు తాళం వేయడం మరిచిపోయింది, మర్నాడు ఆలస్యంగా వచ్చింది. చూస్తే పిల్లలు ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటున్నారు. టీచరుకు అది దొంగతనంలా కనబడింది. మాంటిస్సోరికి మాత్రం, ఆ సామాను పిల్లలకు బాగా తెలిసిపోయిందని, కావాల్సింది వాళ్లే ఎంచుకోగలరని అర్థమైంది. ఆ తర్వాత వాళ్ల చేతికందే పొట్టి అల్మారాలు పెట్టించింది. 1939లో మద్రాసు వచ్చి మన దేశపు టీచర్లకూ నేర్పింది. "మా పిల్లలకు రాదు" అనకండి. అక్కడున్నదీ కష్టం చేసుకునేవాళ్ల పిల్లలే.

మీకు అల్మారా అక్కర్లేదు. అట్టపెట్టెలు, పాత గంపలు గోడవారన నేల మీద పెట్టండి. ఒకదాంట్లో బండ్లు, ఒకదాంట్లో వంట సామాను. పిల్లలకు చదవడం రాదు కదా, లోపల ఏముందో తెలిసేటట్టు పెట్టె మీద దాని పటం అతికించండి. కొన్నే బయట ఉంచి, మిగతావి సజ్జ మీద పెట్టి, వారం పది రోజులకు మార్చండి. "సర్దు" అంటే వాళ్లకు అర్థం కాదు, "బండ్లన్నీ ఈ గంపలో వేద్దాం" అనండి. మీరూ రెండు వేయండి. ఆట మధ్యలో గుంజుకోకండి, అన్నం వేళైందని కాస్త ముందే చెప్పండి. పారేస్తానని బెదిరించకండి.

ఇంకోటి. ఆరేళ్ల అక్కను పిలిచి "తమ్ముడు పడేసినవి ఎత్తు" అంటారు. ఎందుకమ్మా? వాడు ఆడుకున్నవి వాడే ఎత్తాలి. ఆ పిల్ల పుస్తకం పట్టుకొని కూర్చుంటే కూర్చోనివ్వండి. అవ్వలూ, మిమ్మల్నే అడుగుతున్నాను, మగపిల్లగాడని వాడిని లేపకుండా ఉండకండి.

మూడేళ్లలోపు పిల్లలుంటే గోటీలు, పూసలు కింద పెట్టొద్దు. మెరిసే బొమ్మల్లో గుండ్రటి చిన్న బ్యాటరీ ఉంటుంది. మింగితే గొంతులో ఇరుక్కొని గంటల్లోనే లోపల కాలుస్తుంది, వెంటనే ఆసుపత్రికి పోవాలి. తాళం వేయాల్సింది అట్లాంటివాటికి.

టీచరమ్మా, ఇక్కడున్న బొమ్మల బీరువా తాళం తియ్యి. పిల్లలను లోపలికి పిలుద్దాం, కాసేపు ఆడుకోనిద్దాం. తర్వాత ఎక్కడివక్కడ వాళ్లే పెడతారు. ఆలస్యమైనా సరే, తల్లులెవరూ లేచి అందుకోవద్దు.