హైదరాబాద్ తిండిని పరీక్షించే పద్ధతి: ఏ పూట, ఏ పేట, ఏ పళ్లెం

నమస్కారం. హైదరాబాద్‌కు వచ్చి రెండు పూటలు తిని వెళ్లినవారిలో చాలామంది "ఇంతేనా?" అని పెదవి విరుస్తారు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవారు మాత్రం దీనికి సాటి వచ్చే తిండి మరెక్కడా దొరకదని వాదిస్తారు. 2019లో యునెస్కో ఈ నగరాన్ని పాకకళ విభాగంలో సృజనాత్మక నగరాల జాబితాకు ఎక్కించింది. ఆ పేరుకు ఊరు ఎంతవరకు తగినదో మీ నాలుకతో మీరే తేల్చుకునే పద్ధతిని ఈ వీడియోలో చూపిస్తాను. నా తీర్పు ముందే చెప్పేస్తున్నాను: బిర్యానీ విషయంలో వచ్చిన పేరు సగమే నిజం, తెల్లవారుజామున దొరికే తిండి విషయంలో మాత్రం రావలసినంత పేరు ఇంకా రాలేదు.

ముందుగా బిర్యానీ చూద్దాం. కచ్చీ పద్ధతిలో పచ్చి మాంసాన్నే పెరుగు, అల్లం వెల్లుల్లి, పచ్చి బొప్పాయి ముద్ద, పుదీనా, వేయించిన ఉల్లిపాయలతో నానబెట్టి గిన్నె అడుగున పరుస్తారు. దానిపై కాస్త పలుకుగా వార్చిన బాస్మతి అన్నాన్ని పొరగా వేసి, మూత అంచుకు గోధుమపిండి ముద్ద అంటించి, ఆవిరి బయటకు పోకుండా దమ్ చేస్తారు. కింద ఉన్న పచ్చి మాంసమూ పైన ఉన్న సగం ఉడికిన అన్నమూ ఒకే సమయానికి తయారు కావాలి కాబట్టి, మధ్యలో మూత తీసి చూసుకునే వీలు లేని ఈ వంటలో బావర్చీ, అంటే వంటవాడి, పనితనమంతా మంట మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు తెరపై ఉన్న పళ్లాన్ని దగ్గరగా గమనించండి. ఇందులో కొన్ని మెతుకులు తెల్లగా, కొన్ని కుంకుమపువ్వు తగిలి పసుపుగా, అడుగు నుంచి వచ్చినవి మసాలా పట్టి గోధుమరంగులో ఉన్నాయి. ఈ మూడూ విడివిడిగా కనిపిస్తే పొరలు వేసి వండినట్టే. అన్నమంతా ఒకే నారింజ రంగులో ఉంటే, రంగు కలిపి పని కానిచ్చారని అనుమానించాలి. తర్వాత ముక్కను వేళ్లతో నొక్కండి: ఎముక నుంచి తేలిగ్గా విడిపోవాలి గానీ పీచు చెదిరి ముద్ద కాకూడదు. మిర్చీ కా సాలన్ అనే మిరపకాయల పులుసు, పెరుగు చట్నీ మీ ముందుకు ఎంత తొందరగా వచ్చినా మొదటి రెండు ముద్దలు అవేవీ కలపకుండా తినండి. సాలన్ పోసుకుంటే తప్ప గొంతు దిగని బిర్యానీకి దమ్ సరిగా పడలేదన్నమాట.

సగమే నిజం అనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఒక దేగ్‌ను, అంటే ఒక పెద్ద బిర్యానీ గిన్నెను, శ్రద్ధగా వండే హోటల్, రోజంతా ఆగకుండా పార్సిళ్లు కట్టడం మొదలుపెట్టాక అదే శ్రద్ధను ప్రతి దేగ్ మీదా పెట్టడం చాలా కష్టం. అందువల్ల ఒకే హోటల్లో ఒంటిగంటకు తిన్నవాడు మెచ్చుకుంటాడు, నాలుగింటికి అడుగంటిన అన్నం తిన్నవాడు తిట్టుకుంటాడు. హోటల్ పేరు గురించి వాదించుకోవడం కంటే "కొత్త దేగ్ ఎప్పుడు తీస్తారు?" అని వెయిటర్‌ను అడిగి ఆ సమయానికి కూర్చోవడం మేలు. మొదటిసారి తినేవారు చికెన్ కాకుండా మటన్ తెప్పించుకోవాలని నా సలహా, ఎందుకంటే కచ్చీ పద్ధతి రూపుదిద్దుకున్నదే మటన్ కోసం.

రెండో పరీక్షకు పొద్దున్నే లేవాలి, ఈ పరీక్షలోనే పర్యాటకుల్లో ఎక్కువమంది తప్పుతారు. పాతబస్తీలో తెల్లవారకముందే నహారీ గిన్నెల మీద ఆవిరి లేస్తూ ఉంటుంది. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన కాళ్లు, నాలుకల రసం పెదవులకు జిగటగా అంటుకుంటే అది సరైన నహారీ. దానిలో ముంచుకోవడానికి పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం పేరు తెచ్చిన చార్ కోనీ నాన్, అంటే నాలుగు మూలల రొట్టె, తందూరు నుంచి అప్పుడే తీసినది తెచ్చుకోవచ్చు. మాంసపు రసం పొద్దున్నే వద్దనుకునేవారు ఖిచిడీ, ఖీమా, ఖట్టా ఒకే పళ్లెంలో అడగండి. ఎర్ర కందిపప్పు, పసుపు వేసి వండిన ఖిచిడీ మీద నువ్వులు, చింతపండుతో చేసిన పుల్లటి ఖట్టా పోసుకుని, ఖీమా నంజుకుని తినే ఈ ఫలహారం ముందు బిర్యానీ కొంచెం ఆర్భాటంగా అనిపిస్తుంది. ఇది నా పక్షపాతమే అనుకోండి, పరవాలేదు.

ఇరానీ చాయ్ గురించి క్లుప్తంగా చెబుతాను. డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా చాలాసేపు మరిగించి కప్పులో కలపడమే ఇందులోని కిటుకు. పాలు ఎక్కువ కావాలంటే "పౌనా" అని అడగండి. పక్కన తీపి, ఉప్పు రెండూ తగిలే ఉస్మానియా బిస్కెట్ తీసుకుని చాయ్‌లో ముంచండి, అయితే ఎక్కువసేపు ఉంచితే విరిగి కప్పులో పడిపోతుంది.

హలీమ్‌ను మాత్రం కాలం చూసుకునే తినాలి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వంటకం రంజాన్ నెలలోనే నిండుగా దొరుకుతుంది. ఆ నెలలో హోటళ్ల ముందు ఇటుకల భట్టీలు లేస్తాయి. గోధుమలు, మాంసం, నెయ్యి గంటల తరబడి ఉడుకుతుండగా ఇద్దరు ముగ్గురు మనుషులు పొడవాటి కర్రలతో వాటిని దంచుతూనే ఉంటారు. చెంచాతో ఎత్తినప్పుడు హలీమ్ తీగలా సాగాలి, మాంసపు పీచు నాలుకకు తెలియాలి. పిండి జావలా జారిపోతే దంచడంలో లోపం ఉన్నట్టే. దీనికి మూలమైన అరబ్బుల హరీస్‌ను చూడాలనుకుంటే, నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు ఉండే బార్కస్‌కు ఉదయాన్నే వెళ్లండి. మండీ అనే అరబ్బుల మాంసపు అన్నం వడ్డిస్తూ నగరమంతా విస్తరించిన హోటళ్లకు కూడా ఆ పేటతోనే బంధుత్వం ఉంది.

ఇక నా ఫిర్యాదు. తెలంగాణ ఇళ్లలో వండుకునే తిండికి ఈ రాజధాని చాలాకాలం తన హోటళ్లలో చోటు ఇవ్వలేదు. ఆంధ్రా భోజనం మెస్సుల ద్వారా ముందుగానే స్థిరపడింది గానీ జొన్నరొట్టె, పచ్చిపులుసు, తలకాయ కూర బోర్డుల మీదకు ఎక్కడానికి ఎంతో సమయం పట్టింది. సర్వపిండినే తీసుకోండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కారం కలిపి, గిన్నె లోపలి గోడకు పల్చగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి కాలుస్తారు. అడుగు కరకరలాడుతూ పైభాగం మెత్తగా ఉండే ఆ వేడి వేడి రుచి, చల్లారి ప్యాకెట్‌లోకి చేరాక నిలవదు. సకినాలకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి స్వగృహ దుకాణాల్లో అవి ధైర్యంగా కొనవచ్చు, సర్వపిండి మాత్రం అప్పుడే కాల్చి ఇచ్చేచోట మాత్రమే తినండి.

చివరి పరీక్షకు డబ్బు అక్కరలేదు, పిలుపు కావాలి. ఈ ఊరి అసలు వంట పెళ్లి దావత్‌లలోనే ఇంకా నిలిచి ఉందని నేను నమ్ముతాను, ఎందుకంటే అక్కడ దేగ్ తీసే సమయమూ అతిథులు కూర్చునే సమయమూ ఒకటే. హైదరాబాదీ స్నేహితులెవరైనా పిలిస్తే మొహమాటపడకుండా వెళ్లండి. మొదట మరగ్ వస్తుంది: ఎముకల రసంతో, జీడిపప్పు, బాదం ముద్దతో చిక్కబడిన తెల్లటి సూప్ అది, పక్కన నాన్ కూడా ఉంటుంది. రుచిగా ఉందని దానితోనే కడుపు నింపుకోకండి. బిర్యానీ ఇంకా రావలసి ఉంటుంది, ఆ తర్వాత ఎండు ఆప్రికాట్లతో చేసే తీపి, ఖుబానీ కా మీఠా కూడా ఉంటుంది.