రాత్రి బిల్డ్‌ ఆగకుండా కోడ్‌కు బ్యాకప్

శ్రోతలకు నమస్కారం. గన్నవరం దగ్గరి మేధా టవర్స్‌లోనైనా, గుంటూరులో రెండు గదుల ఆఫీసులోనైనా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తమ కోడ్‌ను రిపాజిటరీలో దాచుకుంటారు. ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో అందులో ఉంటుంది. రోజూ రాత్రి ఆ కోడ్ మొత్తం తీసుకుని సర్వరు ప్రోగ్రామును మళ్లీ తయారుచేసి పరీక్షిస్తుంది. అదే నైట్లీ బిల్డ్.

బ్యాకప్ కూడా రాత్రే పెడితే సరి, అప్పుడు ఎవరూ ఉండరుగా అనుకుంటారు. ఇక్కడ రాత్రి 2 అయితే వేసవిలో న్యూయార్క్‌లో సాయంత్రం నాలుగున్నర. మీతో పనిచేసేవాళ్లు అక్కడుంటే, వాళ్లు పని మీదే ఉంటారు. బిల్డూ, బ్యాకప్పూ ఒకే డిస్కు మీద పడితే రెండూ నత్తనడకే.

నెమ్మదించడం వరకైతే సర్దుకోవచ్చు. అసలు గొడవ వేరే ఉంది. రిపాజిటరీని నడిపే గిట్ అనే ప్రోగ్రాము అప్పుడప్పుడు విడి ఫైళ్లను కలిపి ఒక ప్యాక్ చేసి, విడివాటిని తీసేస్తుంది. మీరు రిపాజిటరీ ఫోల్డరును కాపీ చేస్తుంటే, ఆ కాపీ ప్యాకుల ఫోల్డరు దాటిపోయాక అది జరిగిందనుకోండి, కొత్త ప్యాకూ రాదు, పాత ఫైళ్లూ దొరకవు. కాపీ మాత్రం పూర్తయినట్టే చూపిస్తుంది.

కాబట్టి ఫోల్డరును కాపీ కొట్టకండి. వేరే మెషీన్‌లో ఒక్కసారి ‘గిట్ క్లోన్’ను మిర్రర్ ఆప్షన్‌తో నడపండి. మెయిన్ సర్వరు రిపాజిటరీకి అచ్చు నకలు తయారవుతుంది, అదే మిర్రర్. ఆపైన గంటకోసారి ‘గిట్ రిమోట్ అప్‌డేట్’, బిల్డ్ నడిచే వేళ తప్ప. కొత్త మార్పులే వస్తాయి కనుక మెయిన్ సర్వరుకు పెద్ద భారం ఉండదు. ప్రూన్ ఆప్షన్ జోలికి పోవద్దు. అది మెయిన్ సర్వరులో లేనివాటిని మిర్రర్‌లోనూ తీసేస్తుంది, కాబట్టి అక్కడ పొరపాటున తీసేసిన బ్రాంచి, అంటే కోడ్‌లో విడిగా సాగే పాయ, ఇక్కడా పోతుంది. ప్రూన్ లేకున్నా, ఎవరైనా ఫోర్స్ పుష్ చేస్తే, అంటే పాత చరిత్ర స్థానంలో కొత్తది బలవంతంగా పెడితే, మిర్రర్ కూడా మారిపోతుంది. అందుకే రోజూ మిర్రర్ నుంచి, అన్ని బ్రాంచిలతో, ‘గిట్ బండిల్ క్రియేట్’ చేసి ఫైలు పేరులో తేదీ పెట్టండి. బండిల్ అంటే రిపాజిటరీని ఒకే ఫైలుగా కట్టడం. ఈ పని మిర్రర్ మెషీన్ మీదే కనుక బిల్డ్‌కు తగలదు.

ఆ బండిల్ అదే భవనంలో ఉంచితే లాభం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. విజయవాడవాళ్లు ఒక కాపీ గుంటూరుకైనా పంపాలి.

గిట్‌కు బదులు ఇంకా సబ్‌వర్షన్ అనే పాత ప్రోగ్రామునే వాడేవాళ్లకు ‘ఎస్‌విఎన్‌అడ్మిన్ హాట్‌కాపీ’ చాలు, కమిట్లు, అంటే మార్పుల నమోదు, జరుగుతున్నా అది సరిగ్గానే తీస్తుంది.

హుక్స్ (మార్పులు వచ్చినప్పుడు వాటంతటవే నడిచే స్క్రిప్టులు), సర్వరు సెట్టింగులు మిర్రర్‌లో రావు, విడిగా తీసుకోవాలి. పెద్ద ఫైళ్లను వేరేగా దాచే గిట్ అనుబంధం ఎల్‌ఎఫ్‌ఎస్‌లో పెట్టిన పెద్ద ఫైళ్లూ అంతే, వాటికి ‘గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ ఫెచ్’ను ఆల్ ఆప్షన్‌తో నడపాలి. నెలకోసారి బ్యాకప్ నుంచే బిల్డ్ చేసి చూడండి. ఎల్‌ఎఫ్‌ఎస్ మరిచిపోయుంటే అక్కడే బయటపడుతుంది: బొమ్మ ఉండాల్సిన చోట మూడు లైన్ల టెక్స్ట్ ఫైలు కనిపిస్తుంది.