కోమో ఒడ్డున ఎండుచేప

శ్రోతలకు నమస్కారం. ఈరోజు మిమ్మల్ని ఇటలీ ఉత్తరాన ఉన్న ఓ చిన్న ఊరికి భోజనానికి తీసుకెళ్తాను.

ఆల్ప్స్ కొండల పాదాల దగ్గర కోమో అనే సరస్సు ఉంది. పంగలకర్రను తలకిందులు చేసి పెట్టినట్టుంటుంది దాని రూపం. లోతు 400 మీటర్లకు పైమాటే. పంగలు రెండూ కలిసేచోట బెల్లాజో అనే పేరున్న విడిది ఊరు. దానికి అవతల, తూర్పు ఒడ్డున మనం వెళ్లే ఊరు వరెన్నా. మిలాన్‌లో రైలెక్కితే సుమారు గంట ప్రయాణం. లెక్కో అనే ఊరు దాటాక రైలు నీళ్ల పక్కనే పోతుంది కాబట్టి ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి.

వరెన్నా ఒకప్పుడు జాలరుల ఊరు. చర్చి ముందున్న మెరక నుంచి నీళ్లదాకా సన్నని మెట్ల సందులు దిగుతాయి. ఇళ్ల గోడలకు పసుపు, కావి, గులాబీ రంగులు. సరస్సును ఆనుకుని విల్లా మొనాస్తెరో అనే పాత మఠం, దాని పొడవాటి తోట ఉన్నాయి. 1954 వేసవిలో భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ ఇక్కడే పాఠాలు చెప్పారు. ఆ నవంబరులోనే ఆయన కన్నుమూశారు. ఆ సంగతి తెలిశాక తోటలో నా నడక నెమ్మదించింది.

ఇక భోజనం. సరస్సు ఒడ్డున ఎక్కడ కూర్చున్నా ముందు రిజోత్తో అనే అన్నం వంటకం తెస్తారు. పెర్సికో అనే చేపను ముళ్లు తీసి, పిండి అద్ది, సేజ్ ఆకుతో వెన్నలో వేయించి, జారుగా ఉడికిన అన్నం మీద పరుస్తారు. కమ్మగానే ఉంటుంది. నా మనసు దోచింది మాత్రం అది కాదు, మిస్సోల్తీని అనే ఎండుచేప.

అగోనే అనే సరస్సు చేపను వేసవి మొదట్లో పట్టి, కడిగి, ఉప్పు పట్టించి, తీగెలకు వేలాడదీసి ఎండబెడతారు. ఎండినవాటిని బిర్యానీ ఆకుకు దగ్గరి చుట్టమైన ఓ సువాసన ఆకుతో కలిపి డబ్బాలో వరసలుగా పేర్చి, పైన బరువు పెడతారు. బరువుకు చేపలోని నూనె ఊరి పైకి వస్తే తీసేస్తారు. అలా నెలల తరబడి నిలవ ఉంటుంది. తినేముందు నిప్పుల మీద కాల్చి, కాస్త వెనిగర్ చల్లుతారు.

పక్కన పొలెంతా. మొక్కజొన్న రవ్వను నీళ్లలో కలియబెడుతూ చాలాసేపు ఉడికించిన ముద్ద. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మా అమ్మమ్మ వంటింట్లో కూర్చున్నట్టయింది. మక్కగట్క, దాని పక్కన కాల్చిన ఉప్పుచేప! వడ్డించిన పెద్దావిడకు ఆ మాట చెబితే, ఆమె నవ్వి ఇంకో చేప తెచ్చి పెట్టింది.

బెల్లాజోలో ఇంకో వంట ఉంది, పేరు తోక్. రాగి గంగాళంలో పొలెంతా వండి, వెన్న, చీజ్ దండిగా కలిపి, అందరూ చుట్టూ కూర్చుని చేత్తోనే ముద్దలు తీసుకుని తింటారు. కంచం ఉండదు, చెంచా ఉండదు. పదిమంది కూడితే గానీ గంగాళం పొయ్యి ఎక్కదు. ఒంటరిగా వెళ్లిన నాకు ఆ భాగ్యం దక్కలేదు. మీరు వెళితే బలగంతో వెళ్లండి.

సెలవు.