మెత్తపగడం ముడుచుకుంది: ఆకలా, అలకా?

[దగ్గరి షాట్: ట్యాంక్. పంపు చప్పుడు ఆగుతుంది. ఫోన్‌లో టైమర్ మొదలవుతుంది.]

పంపులు ఆపేశాను. నాకున్నది పదిహేను నిమిషాలు. ఈలోగా ఈ మెత్తపగడాలకు మేత పెట్టాలి, మీతో మాట్లాడాలి.

అనంతపురంలో ఉప్పునీటి ట్యాంక్ అంటే నవ్వినవాళ్ళే ఎక్కువ. వానే సరిగ్గా పడని ఊళ్ళో సముద్రమేంది అని. మా జేజి అయితే పొద్దున ఉగ్గాని తింటూ వచ్చి నిలబడి, "ఏమప్పా, ఈ పుట్టగొడుగులు కూరకెప్పుడొస్తాయి?" అంటుంది. ఆమె చూపించేది ఇదిగో, ఈ లెదర్ కోరల్‌ని. ఆమె తప్పేం లేదు. మన హాబీవాళ్ళు కూడా దీన్ని టోడ్‌స్టూల్, అంటే పుట్టగొడుగు అనే పిలుస్తారు.

[షాట్: గాజుకు ఆనించిన భూతద్దం. ఒకే ఒక్క పాలిప్.]

మెత్తగా ఉన్న ప్రతిదీ సాఫ్ట్ కోరల్, అంటే మెత్తపగడం కాదు. పగడం మీద పువ్వులా విచ్చుకునే చిన్న జీవే పాలిప్. ఇలా భూతద్దం ఆనించి ఒక్క పాలిప్ మీద చూపు నిలపండి. చేతులు లెక్కపెట్టండి. ఎనిమిది. ఒక్కో చేతికి రెండు వైపులా ఈకకున్నట్టు సన్నటి పోగులు కనిపిస్తున్నాయా? ఇది అసలైన సాఫ్ట్ కోరల్. లోపల గట్టి అస్థిపంజరం ఉండదు. ఇసుక రేణువుల్లాంటి సున్నపు ముక్కలు ఒళ్ళంతా ఉంటాయి, అంతే. వాటినే స్క్లెరైట్లు అంటారు.

షాపులో ఇదే వరుసలో పెట్టి అమ్మే జొవాంథిడ్లు, మష్రూమ్ కోరల్స్ వేరే శాఖవి. వాటికి ఈ ఎనిమిది లెక్క కుదరదు. జొవాంథిడ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. అవి ఉన్న రాయిని వేడినీళ్ళలో ఉడకబెట్టి శుభ్రం చేద్దామన్న ఆలోచన అసలే వద్దు. ఆ ఆవిరి పీలిస్తే ఆసుపత్రే.

నా ట్యాంక్‌లో ఉన్న సాఫ్ట్ కోరల్స్ ఇవి. కాడ, దాని మీద గొడుగు ఉంటే సార్కోఫైటాన్, అంటే మన టోడ్‌స్టూల్. చేతివేళ్ళు పైకి చాపినట్టుంటే సిన్యులేరియా. ఊదా రంగు చాప మీద ఆకుపచ్చ గడ్డి మొలిచినట్టుంటే గ్రీన్ స్టార్ పాలిప్. దీన్ని విడిగా ఒక రాయి మీదే ఉంచండి, లేదంటే పొలంలో గరికలా అంతా అల్లుకుంటుంది. పిడికిలి మూసి తెరుస్తూ ఉండేది జీనియా.

[షాట్: పాత ఫొటో. ముడుచుకుపోయిన టోడ్‌స్టూల్.]

ఇప్పుడు నా ఘనకార్యం. ఒక వారం ఈ టోడ్‌స్టూల్ పాలిప్స్ అన్నీ లోపలికి లాగేసుకుంది. పైన మైనం పూసినట్టు మెరుపు. నాకు ఒకటే టెన్షన్. ఆకలేమో అనుకుని పూటపూటా పిపెట్‌తో ఆహారం చిమ్మాను. మిగిలిన మేత కుళ్ళి నీళ్ళలో నైట్రేట్ పెరిగింది, రాళ్ళ మీద పాచి పట్టింది, అది మాత్రం నోరు తెరవలేదు. ఆరో రోజు పొద్దున చూస్తే గొడుగు అంచున పాల మీద మీగడలాంటి పొర లేచి ఆడుతోంది. మధ్యాహ్నానికి నీటి ఊపుకు ఊడి కొట్టుకుపోయింది. కింద కొత్త చర్మం. సాయంత్రానికి పాలిప్స్ అన్నీ బయట!

అది ఆకలీ కాదు, అలకా కాదు. లెదర్ కోరల్స్ అప్పుడప్పుడు ఇలా పొర వదులుతాయి. ఒంటి మీద పడ్డ చెత్త, పాచి దాంతో పోతాయి. అప్పుడు కావాల్సింది మేత కాదు, కాస్త ఎక్కువ ప్రవాహం. పొర ఊడాక యాక్టివేటెడ్ కార్బన్ వాడితే మంచిది. ఈ జాతులు పక్క పగడాలను తరిమే రసాయనాలు నీళ్ళలోకి వదులుతుంటాయి, వాటిని ఆ కార్బన్ పట్టుకుంటుంది.

అసలు వీటి వంటవాళ్ళు లోపలే ఉన్నారు. జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు పగడం కణాల్లోనే ఉండి, వెలుతురుతో చక్కెర తయారుచేసి పెడతాయి. అందుకే మంచి లైటే మొదటి భోజనం. చేపల వ్యర్థాల నుంచి నీళ్ళలో కరిగిన పోషకాలు రెండోది. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం ఉంటే భయపడక్కర్లేదు. నీళ్ళు మరీ శుభ్రమై సున్నాకు చేరినా ఇవి పాలిపోతాయి. జీనియాకైతే జీర్ణవ్యవస్థ చాలా కుంచించుకుపోయింది. దానికి మేత పోయడం మన తృప్తికే.

వీటన్నిటికీ భిన్నంగా డెండ్రోనెఫ్థియా అని ఒకటుంది. గులాబీ, నారింజ రంగుల్లో చూస్తే కళ్ళు తిప్పుకోలేం. దాని ఒంట్లో ఆ వంటవాళ్ళు లేరు. ఇది నీళ్ళలో తేలే సన్నటి వృక్షప్లవకాలను తిని బతుకుతుందని ఎర్రసముద్రంలో చేసిన పరిశోధన 1995లో వచ్చింది. రోజంతా అందుతూనే ఉండాలి. నాకు అమ్మినాయన "చాలా ఈజీ సార్" అన్నాడు. రెండు నెలల్లో కరిగిపోయింది. ఇంట్లో ట్యాంక్ కోసం కొనొద్దు. విసనకర్రలా పరుచుకునే సీ ఫ్యాన్లు, గట్టి పగడాలు కూడా ఎవరైనా చూపిస్తే వద్దనండి. అవి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవులు.

[షాట్: చిన్న కప్పు, టీ వడపోత, పిపెట్.]

మేత పెట్టేది వారానికి ఒకటి రెండుసార్లే. ఫ్రోజెన్ ఆహారాన్ని ట్యాంక్ నీళ్ళలోనే కరిగించి, వడగట్టి, ఆ రసం పారబోయండి. పాచికి బలం అదే. లెదర్లకు రోటిఫర్లు అనే సూక్ష్మజీవులంత సన్నటివి చాలు. పిపెట్ మొన జానెడు దూరంలో ఉంచి, మబ్బులా తేలిపోయేట్టు వదలండి. నేరుగా మీద కొడితే ముడుచుకుంటాయి.

ఈ మష్రూమ్ కోరల్‌ని చూడండి. చిన్న ముక్క పడగానే అంచులు మెల్లగా పైకి లేచి, సంచి మూతి తాడు లాగినట్టు దగ్గరికి వస్తున్నాయి. తొందరేం లేదు దానికి. ఇది ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు.

మన ఎండల మాట కూడా చెప్పాలి. ట్యాంక్ 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మన గాలి పొడి కాబట్టి నీళ్ళ మీదికి ఫ్యాన్ పెడితే బాగానే చల్లబడుతుంది, కానీ నీళ్ళు తొందరగా ఇగిరిపోతాయి. ఇగిరేది నీళ్ళే, ఉప్పు కాదు. అందుకని తగ్గినంత మేర ఆర్‌ఓ మంచినీళ్ళే పోయండి, ఉప్పునీళ్ళు పోయొద్దు. నీళ్ళలో ఉప్పెంతుందో చెప్పే సాంద్రత 1.025 దాటకుండా చూసుకోండి. బోరు నీళ్ళ ఊసే వద్దు.

[టైమర్ మోగుతుంది.]

అయిపోయింది టైమ్. ఒకసారి ఇలాగే మేత పెట్టి, ఫోన్ మాట్లాడుతూ పంపులు ఆన్ చేయడం మరిచి పడుకున్నాను. పొద్దున లేచేసరికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అప్పటి నుంచే ఈ టైమర్.

[షాట్: స్విచ్ మీద వేలు. పంపు చప్పుడు. పాలిప్స్ అన్నీ ఒక్కసారిగా ఊగుతాయి.]